గుండెను కోయక చూచు పరీక్షలు

దినమంతయు మగ్గపు గుంటలో కూర్చుండి పలక లాగువారికి రొమ్ము నొప్పి వచ్చినచో “పని నొప్పి, తైలము రాచిన పోవును” అనుట మన ఇండ్లలో పరిపాటి. పెక్కుమారులు అది నిజమే. కాని గుండె నొప్పియు ఆ తావుననే వచ్చును. ఈ రెంటికి గల భేదమును, గుండెజబ్బును కనుగొను పరీక్షలను మన కుటుంబములకు తెలుపుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

గుండె కండరమునకు రక్తము నిచ్చు ధమనుల లోపలిగోడలో క్రొవ్వు, సున్నము పేరుకొన్నచో దారి ఇరుకగును. కూర్చున్నపుడు చాలిన రక్తము, వడిగా నడచునపుడును మెట్లెక్కునపుడును చాలదు. అప్పుడు రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు, బిగించినట్లు తోచును. అది చేతికో దవడకో ప్రాకును. నిలిచిన కొద్ది నిమిషములలో తగ్గును. కండరపు నొప్పి సామాన్యముగా వ్రేలితో చూపదగిన చోట నుండి, అదిమిన హెచ్చును. మధుమేహము గలవారిలోను, స్త్రీలలోను ఒక్కొక్కప్పుడు నొప్పి లేక ఆయాసము మాత్రమే యుండును.

బట్టను కత్తిరింపక వెలుతురునకు పట్టి నేతలోపము చూచినట్లు, గుండెను కోయక, ధమనులలో గొట్టము దూర్పక చూచు పరీక్షలు నేడు కలవు.

ఇ.సి.జి.: ఇది బొమ్మ కాదు, గుండె విద్యుత్తు గీత. చవుకైనది, మొదట తీయవలసినది. విశ్రాంతిలో తీసిన గీత సరిగా నున్నంత మాత్రమున ధమనులు బాగున్నవని తలపరాదు.

ఎకో: 1953లో స్వీడను దేశపు లుండ్ పట్టణమున ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు ధ్వని తరంగములతో దీనిని ఆరంభించిరి. కండరపు బలమును, కవాటములను చూపును గాని, ధమనుల ఇరుకును తిన్నగా చూపదు.

శ్రమ పరీక్షలు: నడిపించిగాని, మందు నిచ్చిగాని గుండెకు పని పెంచి, ఎకోతోనో, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థముతోనో రక్తము చాలని భాగమును కనుగొందురు.

సి.టి. ఆంజియోగ్రామ్: చేతి సిరలో అయొడిన్ మందు నెక్కించి ధమనులనే చిత్రింతురు. మూత్రపిండముల జబ్బు, మందు పడకపోవుట, గర్భము ఉన్నచో ముందే చెప్పవలెను. సున్నము మిక్కుటముగా నున్నచో చిత్రము స్పష్టముగా రాదు.

దీని ప్రయోజన మెంత? స్కాట్లండులో రొమ్ము నొప్పి గల 4,146 మందిపై జరిగిన పరిశోధన ఫలితము 2018లో వెలువడెను. ఐదేండ్లలో గుండెపోటు వచ్చినవారు, గుండెజబ్బుతో మరణించినవారు కలిసి సాధారణ చికిత్స వర్గములో నూటికి 3.9, సి.టి. వర్గములో 2.3. యంత్రము జబ్బు నయము చేయలేదు. జబ్బు కనబడినవారికి తగిన మందులు అందెను.

2020లో ప్రకటితమైన వేరొక పరిశోధనలో, నిలకడగా నున్న 5,179 మంది రోగులను రెండు వర్గములు చేసి చూచిరి. ముందుగానే స్టెంటు, ఆపరేషను చేయించుటవలన, మందులతో ఆరంభించినవారికంటె మరణములు తగ్గలేదు. నొప్పి మాత్రము మేలుగా తగ్గెను. ఎడమ ప్రధాన ధమని బాగుగా ఇరుకైనవారిని ఇందులో చేర్చలేదు. వారి సంగతి వేరు. కనుక నిలకడ నొప్పికి “రేపే స్టెంటు” అన్నచో, మగ్గమును తాకట్టు పెట్టుటకు ముందు “మందులతో చూడవచ్చునా?” అని అడుగుడు.

షోలాపురములోను, సేలములోను, బరంపురములోను వైద్యునితో పొరుగుభాషలో మాటాడు మనవారు “నొప్పి” అను ఒక్క మాటతో ఊరకొనరాదు. ఎంత నడచిన వచ్చును, ఎంతసేపు ఉండును, దేనితో తగ్గును అను మూడును చెప్పవలెను. పాత కాగితములన్నియు వెంట గొనిపోవలెను. ఏ బాధయు లేనివారు ప్రకటనలు చూచి సి.టి. తీయించుకొన నక్కరలేదు; రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాలు చూపించుకొని చుట్ట, బీడీ మానిన చాలు.

విశ్రాంతిలోనే నొప్పి వచ్చి తగ్గక, చెమటలు పోసినచో ఈ పరీక్షల ఊసు వలదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను. ఆ వేళ ఆలస్యమైన ప్రతి నిమిషము గుండె కండరమునకు నష్టమే.