ఒకే ఇంట పలు దారువులు

మన ప్రాంతమున 'నేల' యనగానే మనస్సునకు తోచునది షాబాదు బండ, తాండూరు నాపరాయి, కడప రాయి, లేదా గచ్చు. కలపను మనము ద్వారబంధములకును, స్తంభములకును, దూలములకును విరివిగా వాడితిమి గాని కాలి క్రింద పరచుకొనుట అరుదు. కొన్ని పాత మేడలలో మాత్రము పై అంతస్తున దూలములపై టేకు పలకలు పరచి వాటిపై నడచెడివారు. అట్టి యింటనే నా బాల్యము గడచినది. ఆ మేడగదిలో జరిగిన ఒక చిన్న పొరపాటు వలన మా మాతామహి (మేము 'నానీ' అని పిలుచువారము) తుంటి యెముక విరుగగొట్టుకొని, కడపటి ఆరు సంవత్సరములు మంచముననే గడపినది. ఆ పొరపాటేమో పిదప చెప్పెదను. ఒకే ఇంటిలో వేర్వేరు కలపలను, వేర్వేరు మెరుగులను కలుపుట ఉచితమా, ఉచితమైనచో ఎట్లు కలుపవలెను అను ప్రశ్న నన్ను ఆనాటి నుండియే వెన్నాడుచున్నది.

ఇందుకు చక్కని ఉదాహరణము అమెరికా దేశమున వర్జీనియా రాష్ట్రములో షార్లట్స్‌విల్ పట్టణమునకు సమీపమున నున్న మాంటిచెల్లో భవనము. అది థామస్ జెఫర్సన్ తన కొరకు తానే రూపకల్పన చేసికొనిన గృహము. 1784 నుండి 1789 వరకు ఆయన ఫ్రాన్సు దేశమున నుండి, అచటి భవనములను ఆసక్తితో పరిశీలించెను. చెక్క ముక్కలను జ్యామితి ఆకృతులలో పేర్చి నేల వేయు పద్ధతి ఆ దేశమున అప్పటికే ప్రసిద్ధము. స్వదేశమునకు తిరిగి వచ్చిన కొన్నేండ్లకు ఆయన ఇంటిని విస్తరించి, అతిథులు కూర్చుండు గదికి అట్టి నేలనే వేయించెను. చతురస్రములు చెర్రీ కలపతోను, వాటి చుట్టును అంచుపట్టీలు బీచ్ కలపతోను చేయబడినవి. చెర్రీ ఎఱ్ఱని గోధుమవన్నె గలది. బీచ్ లేత పసుపుఛాయ గలది.

ఈ గదికి ముందున్నది ప్రవేశమందిరము. దాని నేల కథ వేరు. 1805లో చిత్రకారుడు గిల్బర్ట్ స్టూవర్ట్ జెఫర్సన్ చిత్తరువును వ్రాయుచుండగా నేలకు వేయదగిన రంగును గూర్చి ప్రసంగము వచ్చినది. పచ్చికవన్నె వేయుమని ఆ చిత్రకారుడు సలహా యిచ్చెను, జెఫర్సన్ అట్లే వేయించెను. బయటి పచ్చిక ఇంటిలోనికి నడచి వచ్చినట్లుండవలెనని భావము కాబోలు! ఈ రెండు గదుల నడుమ అద్దపు తలుపుల జంట యున్నది. ఒక రెక్కను త్రోసినచో రెండవది తనంతట తానే కదలును. రెండింటిని కలుపు గొలుసు నేల క్రింద దాగి యున్నది. తలుపులు మూసినను అద్దముల గుండ ఆకుపచ్చ నేలయు, చెర్రీ బీచ్ నేలయు ఒకే చూపునకు అందును. అయినను చూపరికి అది గందరగోళముగా తోచదు. ఏలయన భేదము స్పష్టముగా నున్నది, ఆ భేదము గడప వద్దనే ఆరంభమగుచున్నది. మనము తెలుగున 'గడప' యనునదియే, ఉర్దూలో 'దెహ్లీజ్' అనునదియే, రెండు నేలలు గౌరవముగా కలిసికొను చోటు.

విద్యార్థులు ఇచట ఒక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. కొట్టివేసిన పిదప కూడ కలప నిశ్చలముగా నుండదు. గాలిలో తేమ పెరిగినచో ఉబ్బును, తగ్గినచో కుంచించుకొనును. పొడవున ఈ మార్పు అత్యల్పము, వెడల్పున అధికము. పచ్చికలప పూర్తిగా ఎండునప్పటికి వార్షిక వలయముల వెంబడి అమెరికా బీచ్ సుమారు 11.9 శాతము, చెర్రీ 7.1 శాతము, టేకు 5.8 శాతము కుంచించుకొనునని కలపశాస్త్రజ్ఞులు కొలిచియున్నారు. ఇంటిలోని గాలివలన పలకలోని తేమ ఋతుభేదమున ఆరు శాతము అటునిటు మారినదనుకొందము. పదునైదు సెంటీమీటర్ల వెడల్పు గల బీచ్ పలక సుమారు మూడున్నర మిల్లీమీటర్లు కదలును; చెర్రీ రెండు, టేకు రెండునకు లోపు. పది పలకలు ప్రక్కప్రక్కన నున్నచో ఈ లెక్క ఎంత యగునో మీరే గుణించి చూడుడు. గోడ వెంబడి సందు విడువక బిగించిన నేల వానకాలమున పొంగి లేచుటకు కారణమిదియే. మాంటిచెల్లోలో అధికముగా కదలు బీచ్ సన్నని పట్టీలకే పరిమితమై, తక్కువగా కదలు చెర్రీకి పెద్ద భాగము దక్కినది. అందమునకై చేసినదో, అనుభవముచే చేసినదో గాని అది వివేకవంతమైన పంపకమని నాకు తోచును.

రెండవది కాఠిన్యము. 1906లో ఆస్ట్రియా దేశస్థుడైన గాబ్రియేల్ యాంకా ఒక పరీక్షను కనిపెట్టెను. 11.28 మిల్లీమీటర్ల వ్యాసము గల ఉక్కుగుండును సగము వరకు కలపలోనికి దింపుటకు ఎంత బలము కావలెనో కొలుచుటయే ఆ పరీక్ష. ఈ కొలత ప్రకారము చెర్రీకి సుమారు 950 పౌండ్లు, బీచ్‌కు 1300, గట్టి మేపుల్‌కు 1450, తూర్పు అమెరికా తెల్ల పైన్‌కు 380 మాత్రమే. జనము నిత్యము నడచు దారిలో మెత్తని కలపను, కఠినమైన కలపను ఒకే వరుసలో కలిపినచో కొంతకాలమునకు మెత్తనిది అరిగి పల్లమగును. కాన వంటయింటికి, నడవకు గట్టి కలపయు, పడకగదికి మెత్తని కలపయు ఎన్నుకొనుట తప్పు గాదు. ఒకే గదిలో కలుపునప్పుడే చిక్కు.

మూడవది వెలుతురు. చెర్రీ సూర్యకాంతికి నానాటికి ముదురును. నల్ల వాల్‌నట్ అందుకు విరుద్ధముగా లేతబారును. క్రొత్తగా కోసిన టేకు పలకలపై చారలు, మచ్చలు కనిపించి, కొంత వెలుతురు తగిలిన పిదప వన్నె ఏకమగును. కావుననే 'దాదాపు ఒకే రంగు' గల రెండు కలపలను ప్రక్కప్రక్కన వేయుట అన్నిటికంటె ప్రమాదకరమని నా అభిప్రాయము. నేడు సరిపోయినవి అయిదేండ్లకు సరిపోవు. అప్పుడు చూపరికి అది ఎంపికగా కాక తప్పిదముగా కనిపించును. భేదమున్నచో నిస్సంకోచముగా ఉండవలెను. లేనిచో ఒకే కలప వాడవలెను.

ఇక మెరుగుల సంగతి. లక్కపురుగు మోదుగ, రేగు మొదలగు చెట్లపై కూర్చు లక్క నుండియే ఫ్రెంచి పాలిష్ తయారగును. మన ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కఱ్ఱపై తళుకులీనుటకు కారణము కూడ లక్కయే. బొమ్మకు, బల్లకు అది శోభ నిచ్చును గాని నేలపై నీరు నిలిచినచో తెల్లని మచ్చ పడును. నూనె కలపలోనికి ఇంకును. మైనము పైపైన నిలుచును. నేటి పాలీయురేథేన్ గట్టి పొరగా ఏర్పడును. అందులో నూనెరకము కాలక్రమమున పసుపుబారును, నీటిరకము చాలవరకు స్వచ్ఛముగనే యుండును. మైనము పూసిన నేలను పూర్తిగా శుభ్రపరుపక దానిపై పాలీయురేథేన్ పూసినచో పొర పట్టక పెచ్చులుగా లేచిపోవును. వేర్వేరు కలపలను కలుపువారికి నేను చెప్పగల ఒక ఉపాయమున్నది. రంగులు వేరైనను మెరుపు ఒకటిగా నుంచవలెను. ఒకటి అద్దమువలె మెరసి, ప్రక్కది మసకగా నున్నచో కన్ను రంగును మరచి ఆ మెరుపునకే తగులుకొనును.

ఇప్పుడు మా యింటి పొరపాటు. మేడగదిలో కొంత భాగము టేకు పలకలు వానకు తడిసి చివికిపోగా, టేకునకు ధర పెట్టలేక మా మేనమామగారు మామిడి పలకలు తెప్పించిరి. మామిడికి చేవ తక్కువ, పురుగు త్వరగా పట్టును. ఆ సంగతి అందరికిని తెలిసినదే. కాని తేడా కనబడకూడదని వడ్రంగిచే ముదురురంగు వార్నిషు పూయించిరి. క్రొత్త పలకలు పాతవాని కంటె అరంగుళము దళసరి. చిత్రిక పట్టి సమము చేయుటకు కూలి యెక్కువగునని అట్లే వదలిరి. రంగు ఒకటే అగుటచే ఆ మెట్టు కంటికి కనబడలేదు. తెల్లవారుజామున నమాజుకు లేచిన నానీ కాలు దానికి తగిలినది. రంగు వేరుగా నుండినచో ఆమె చూచి అడుగు వేసెడిదేమో! పేదరికమున మామిడి పలక వేసికొనుటలో సిగ్గు లేదు. దానిని టేకని నమ్మించుటకు పూసిన రంగే ఆమెను పడద్రోసినది. ఆ కూలి డబ్బు ఎంతో నేటికిని నాకు తెలియదు. మా మేనమామగారు జీవించియున్నంత కాలము ఆ మాట ఎత్తినవారు లేరు.

ఆ పిదప చాలాకాలమునకు మేము ఆ పలకలను తీయించితిమి. వాటి స్థానమున వేగిస కలప వేయించి, దిగువన పట్టీలు సరిచేయించి రెంటి పైభాగములను సమము చేసితిమి. కలియు చోట అరచేయి వెడల్పు గల టేకు పట్టీ యొకటి అడ్డముగా అమర్చితిమి. వేగిస పసుపువన్నె, పాత టేకు ముదురు గోధుమవన్నె. రెంటికిని ఒకే నూనె, ఒకే మసక మెరుపు. వచ్చినవారు 'ఇచట రెండు రకముల కలప యున్నదే' అని వెంటనే గుర్తింతురు.

మాంటిచెల్లోను గూర్చి మరొక మాట చెప్పక విడువలేను. ఆ ఇంటి కొయ్యపనికి నాయకుడు జేమ్స్ డిన్స్‌మోర్ అను ఐర్లండు దేశస్థుడు. అతని వద్ద పని నేర్చి, 1809లో అతడు వెడలిన పిదప ప్రధాన వడ్రంగియైనవాడు జాన్ హెమ్మింగ్స్. అతడు జెఫర్సన్ బానిస. జన్మించినది 1776లో, మానవులందరు సమానులని చాటిన స్వాతంత్ర్య ప్రకటనను జెఫర్సన్ వ్రాసిన సంవత్సరమే అది. 1826లో మరణించిన జెఫర్సన్ తన మరణశాసనమున, తాను పోయిన ఏడాదికి అతనికి స్వేచ్ఛ నిచ్చుమనియు, అతని పనిముట్లు అతనికే చెందవలెననియు వ్రాసెను. స్వేచ్ఛ లభించునప్పటికి హెమ్మింగ్స్‌కు ఏబదియొక సంవత్సరములు.