పిల్లల విశ్వాసం పిల్లలదే కానివ్వండి

సండే స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్లను తల్లులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "చిన్నప్పుడు వాక్యాలన్నీ కంఠతా చెప్పేవాడండీ. వి.బి.ఎస్.లో ఎప్పుడూ వాడికే బహుమతి. ఇంటర్‌లో చేరాక గుడికి రమ్మంటే తలనొప్పి అంటాడు. మా పెంపకంలో ఏం తక్కువైంది?"

అమ్మా, ముందు ఆ చివరి మాట పక్కన పెట్టండి. మనం సరిగ్గా పెంచితే బిడ్డ తప్పకుండా విశ్వాసి అవుతాడని, కాకపోతే తప్పు మనదేనని అనుకుంటూ చాలామంది తల్లిదండ్రులు నలిగిపోతుంటారు. బాలుడికి నడవాల్సిన త్రోవ నేర్పమని సామెతల గ్రంథంలో ఉంది కదా అంటారు. ఉంది. త్రోవ చూపించడం మన పనే. నడవాల్సింది మాత్రం వాడే.

సమూయేలు సంగతి చూడండి. తల్లి హన్నా మొక్కుకుని కన్న బిడ్డ. పాలు మరిచినప్పటినుంచి షిలోహు మందిరంలోనే పెరిగాడు. పొద్దున్నే మందిరం తలుపులు తీసేది అతడే. రాత్రి దేవుని మందసం ఉన్న చోటే పడుకునేవాడు. అంతకంటే భక్తి గల వాతావరణం ఏ ఇంట్లో ఉంటుంది? అయినా సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం, అతను అప్పటికింకా దేవుణ్ణి ఎరగడని దాచకుండా చెబుతుంది. దేవుడు పిలిస్తే యాజకుడు ఏలీ పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు, అదీ ఒకసారి కాదు, మూడుసార్లు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఉన్నది సరిగ్గా అక్కడే. దేవుడి మాట వాళ్లకు ఇంకా అమ్మ గొంతుతోనో నాన్న గొంతుతోనో వినిపిస్తోంది. అమ్మానాన్నల మీద విసుగొచ్చే వయసులో ఆ మాట మీద కూడా విసుగొస్తుంది. దాన్ని దేవుడి మీద తిరుగుబాటని అప్పుడే పేరు పెట్టేయకండి.

వృద్ధుడైన ఏలీ ఆ రాత్రి చేసిన పని నాకు చాలా ఇష్టం. సొంత కొడుకుల విషయంలో అతను ఎంత ఓడిపోయాడో మనకు తెలుసు. ఈ పిల్లవాడి విషయంలో మాత్రం సరిగ్గా నడుచుకున్నాడు. నీ బదులు నేను విని చెబుతాననలేదు. ఈసారి పిలిస్తే వింటున్నానని చెప్పు అని తిరిగి పంపించాడు. తెల్లవారాక ఏం విన్నావని అడిగి, ఆ కబురు తన ఇంటికే విరుద్ధంగా ఉన్నా చివరిదాకా విన్నాడు. పిల్లల విశ్వాసం విషయంలో తల్లిదండ్రుల పనిని ఇంతకంటే బాగా చూపించే చోటు బైబిల్లో నాకు ఇంకొకటి కనిపించలేదు.

ఇంతకీ మన బిడ్డ ఏం కావాలని మనం కోరుకుంటున్నాం? ప్రతి ఆదివారం గుడిలో కనిపించే యువకుడా, క్వయర్‌లో పాడే అమ్మాయా? అవన్నీ మంచివే. కానీ యేసును ప్రభువని ఒప్పుకోవడమంటే నా జీవితంలో చివరి మాట ఇక నాది కాదని ఒప్పుకోవడం. కోపం ఆరకముందే క్షమించాల్సి వస్తుంది. నష్టం వస్తుందని తెలిసినా నిజం చెప్పాల్సి వస్తుంది. ఎవరూ చూడని చోట, గది తలుపు వేసుకుని, పెద్దగా మాటలు కూడా రాని ప్రార్థన చేయాల్సి వస్తుంది. ఇది ఒకరి బదులు ఇంకొకరు చేయగలిగేది కాదు. భార్య సమర్పణ భర్తకు సరిపోదు, నాన్నమ్మ కన్నీటి ప్రార్థన మనవడి మారుమనస్సు కాదు. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని పౌలు గుర్తు చేస్తాడు. అయినా తిమోతిని తన వరాన్ని తానే ప్రజ్వలింపజేసుకోమంటాడు.

మన నేల మీద ఈ సంగతి బాగా ఎరిగినవారు దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయన. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చేతిని వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త చెప్పకుండా ఉండలేనన్న పౌలు మాటను పలికించేవారు. వాళ్లలో ఎక్కువమంది చదువు రాని కూలీలు. ఎవరి తల మీద వాళ్ల చెయ్యే. పక్కనున్న పెద్దల చెయ్యి కాదు, బిషప్ గారి చెయ్యి కూడా కాదు.

అందుకే బాప్తిస్మానికీ కన్ఫర్మేషన్‌కీ పిల్లల్ని తొందరపెట్టొద్దని బతిమాలుతున్నాను. ఈస్టర్‌కి బ్యాచ్ వెళ్తోంది, పక్కింటి పిల్ల కూడా తీసుకుంటోంది, పెళ్లికి సర్టిఫికెట్ అడుగుతారు, ఇలాంటి కారణాలతో నీళ్లలోకి దించిన పిల్లలు తర్వాత ఆ రోజును గుర్తు కూడా చేసుకోరు. తీసుకుంటే ఫోన్ కొనిపెడతామనే ఇళ్లు కూడా ఉన్నాయి. ఒంగోలు చరిత్ర తెలిసిన కుటుంబాలు ఇది అసలు చేయకూడదు. 1876 నుంచి 78 దాకా సాగిన పెద్ద కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు. సాయంత్రాలు బోధకులు వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం కావాలని జనం అడుగుతూనే ఉన్నారు. కరువు తీరేదాకా ఆయన ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని, వచ్చేవాళ్లకే తమ మనసు తమకు తెలియాలని ఆగాడు. సాయం పంచడం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలితో ఉన్నవాళ్ల విషయంలోనే అంత జాగ్రత్తపడ్డారంటే, కడుపు నిండిన మన పిల్లల దగ్గర బహుమతుల ఆశ ఎందుకు పెట్టాలి? ఇంకో ఏడాది ఆగితే ఏమీ పోదు. వాడు తానుగా అడిగిన రోజున, ఎందుకు అడుగుతున్నావని నెమ్మదిగా అడగండి. తడబడుతూ చెప్పినా ఆ జవాబు వాడిదైతే చాలు.

ఈలోగా మనం చేయగలిగింది లేదా? చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం కుటుంబ ప్రార్థన జరిగే పావుగంట బయటే ఉంది.

యేసు తన ఇంటికి వచ్చినప్పుడు జక్కయ్య పాట పాడలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకన్నాడు. రక్షణ వచ్చిన సంగతి ఆ ఇంటి లెక్కల్లో తెలిసింది. మన పిల్లలూ లెక్కలే చూస్తారు. పనమ్మాయి నాలుగు రోజులు రాకపోతే జీతం కోసేశామా, అప్పిచ్చిన బంధువు దగ్గర ఎంత వడ్డీ పిండుతున్నాం, స్థలం రిజిస్ట్రేషన్‌లో ఎంత రాయించాం, అన్నీ పక్కగదిలో చదువుకుంటున్న బిడ్డకు వినిపిస్తూనే ఉంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర పాస్టర్ గారి ప్రసంగాన్ని చీల్చి చెండాడి, సంఘ ఎన్నికల్లో ఎవరిని ఓడించాలో మాట్లాడుకుని, సాయంత్రం యూత్ మీటింగ్‌కి వెళ్లమంటే ఆ బిడ్డ ఎందుకు వెళ్తాడు? ఒకసారి బిడ్డను అన్యాయంగా కొట్టారనుకోండి, అదే రాత్రి పక్కన కూర్చుని "నాన్నా, నేను తప్పు చేశాను, నన్ను క్షమించు" అనండి. మారుమనస్సు ఎలా ఉంటుందో ఆ బిడ్డ కళ్లారా చూస్తాడు.

ర్యాంకుల విషయం కూడా చెప్పాలి. పరీక్షల ముందు ఉపవాస ప్రార్థన చేయడం, హాల్ టికెట్ మీద పాస్టర్ గారి చేత ప్రార్థన చేయించడం మనకు అలవాటు. బిడ్డ భయపడుతున్నప్పుడు ప్రార్థించడంలో తప్పు లేదు. కానీ "దేవుడు మా వాడికి మంచి ర్యాంకిచ్చాడు" అని మైకులో సాక్ష్యం చెబుతున్నప్పుడు, వెనక బెంచీలో కూర్చున్న ర్యాంకు రాని పిల్ల ఏమనుకుంటుంది? వాళ్లకు తండ్రి అయిన దేవుడు నాకు కాడా అనుకోదూ? చదువులో వెనకబడ్డ పిల్లలు గుడికి దూరమవడానికి ఇదీ ఒక కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఫలితాలు వచ్చిన రోజు, అవి ఎలా ఉన్నా, బిడ్డతో కలిసి మోకరించి "ఈ బిడ్డను నాకిచ్చినందుకు స్తోత్రం" అనండి.

ఇంకొకటి, చెప్పడానికి కష్టమైనది. మన సంఘాల్లో చాలా కుటుంబాల పిల్లలకు రెండు పేర్లు, రెండు మతాలు. గుడి రిజిస్టర్‌లో ఒకటి, బడి సర్టిఫికెట్‌లో ఇంకొకటి. దీని వెనక చట్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులను బి.సి.-సిలో చేర్చారు. మతం మారినంత మాత్రాన ఊళ్లో అంటరానితనం మారలేదు కాబట్టి ఇది అన్యాయమని దశాబ్దాలుగా అడుగుతున్నారు. పిల్లల చదువుల కోసం ఆ బరువు మోస్తున్న ఏ కుటుంబాన్నీ వేలెత్తి చూపడానికి నాకు మనసు రాదు. కానీ బిడ్డతో దాపరికం వద్దు. పదిహేనేళ్ల పిల్లకు ఇదంతా అర్థమవుతుంది. చరిత్ర చెప్పండి, తాతముత్తాతలు ఏం భరించి ఈ విశ్వాసంలోకి వచ్చారో చెప్పండి, మీ మనసులో ఉన్న బాధ చెప్పండి. పెద్దయ్యాక ఏ పేరుతో, ఏ కాగితంతో బతకాలో తేల్చుకునే హక్కు ఆ పిల్లదని కూడా చెప్పండి. మౌనంగా ఉంటే, విశ్వాసమంటే దాచుకోవాల్సిన వస్తువని పిల్లలు నేర్చుకుంటారు.

కులం మాట వచ్చింది కాబట్టి, పెళ్లి మాట కూడా. ప్రభువు బల్ల దగ్గర అందరితో కలిసి పాత్ర అందుకుని, సంబంధం చూసేటప్పుడు మొదట కులం అడిగి, ఆ తర్వాత కానుక పేరుతో కట్నం మాట్లాడుకుంటే, బిడ్డకు ఇరవై ఏళ్లు చెప్పిన పాఠాలన్నీ ఆ ఒక్క పూటలో చెరిగిపోతాయి. ఇక్కడ నాకు సందేహమేమీ లేదు. అది తప్పు.

స్నేహితుల ఇళ్లలో పండగలప్పుడు ప్రసాదం తినొచ్చా అని పిల్లలు అడుగుతారు. సంఘాన్ని బట్టి, ఇంటిని బట్టి జవాబు మారుతుంది. కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు కూడా దీన్ని ఒక్క ముక్కలో తేల్చలేదు. మీ ఇంటి నిర్ణయం ఏదైనా, వద్దనేటప్పుడు ఎదుటివాళ్ల అమ్మ వండినదాన్ని, వాళ్లు మొక్కేదాన్ని చులకన చేసే మాట బిడ్డ నోట రాకుండా చూడండి. రెండు చేతులు జోడించి "వద్దండీ" అనడం నేర్పండి. ఇరుగుపొరుగును ద్వేషిస్తూ నేర్చుకున్న విశ్వాసంలో క్రీస్తు ఉండడు.

ఇక సందేహాలు. "దేవుడే ఉంటే తమ్ముడు ఎందుకు చనిపోయాడు?" అని అమ్మాయి అడిగితే ఉలిక్కిపడి నోరు మూయించకండి. తోమా నమ్మలేనన్నాక కూడా మిగతా శిష్యులు అతన్ని వెళ్లగొట్టలేదు. ఎనిమిది రోజుల తర్వాత యేసు వచ్చేసరికి అతను వాళ్లతోనే ఆ గదిలో ఉన్నాడు. మన ఇల్లు అలాంటి గది కావాలి. జవాబు తెలియకపోతే తెలియదనండి, వారంలో మళ్లీ కలిసి మాట్లాడుకుందామనండి, మాట నిలబెట్టుకోండి. పిల్లలు ఏ హైదరాబాదు హాస్టల్లోనో, డాలస్‌లోనో ఉంటే ఫోన్‌లో మొదటి ప్రశ్న "చర్చికి వెళ్లావా?" కాకుండా "ఎలా ఉన్నావు?" అయితే, చర్చి సంగతి వాళ్లే చెప్పే రోజు వస్తుంది.

బిడ్డను మందిరంలో విడిచిపెట్టిన హన్నా ప్రతి ఏడూ ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని రాసి ఉంది. ఏడాదిలో ఎంత పెరిగి ఉంటాడో మనసులో కొలుచుకుని కుట్టి ఉంటుంది. నిరుటి అంగీ ఈ ఏడు పట్టదు. ఎనిమిదేళ్లప్పుడు చెప్పిన మాటలే పదహారేళ్లప్పుడు చెబితే మన పిల్లలకూ పట్టవు.

మీతో నాదొక విన్నపం. గుడిలో ఎన్నోసార్లు మీరు సాక్ష్యం చెప్పి ఉంటారు. మీ పిల్లలకు విడిగా, ఇంట్లో కూర్చోబెట్టి ఎప్పుడైనా చెప్పారా? యేసును నమ్ముకున్న రోజు మీలో ఏం జరిగిందో, ఏమేం వదులుకున్నారో, అడిగినా దేవుడు ఇవ్వనిది ఏమిటో, అయినా ఇంకా ఎందుకు ప్రార్థిస్తున్నారో వాళ్లకు తెలుసా? ఈ ఆదివారం భోజనాలయ్యాక టీవీ ఆపి, ఒక్క అరగంట, ప్రసంగం చేయకుండా చెప్పండి. చివర్లో "మరి నువ్వు ఎప్పుడు?" అని మాత్రం అడగకండి.