మాటను తోడుతో సహా నేర్చుకో

రామంతాపూర్,
హైదరాబాద్

చిరంజీవి మానసకు,

నువ్వు మొన్న ఫోనులో అడిగినదానికి ఫోనులోనే జవాబు చెప్తే నిలవదని ఉత్తరం రాస్తున్నాను. దాచుకుని, తీరిక దొరికినప్పుడల్లా మళ్లీ చదువుకో.

స్టాఫ్ సెలెక్షన్ పరీక్ష కోసం ఇంగ్లిష్ పర్యాయపదాల పుస్తకం కొన్నానన్నావు. రోజుకో పేజీ బట్టీ పడుతున్నా వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదన్నావు. తెలుగు మీడియంలో చదివినందుకే ఇలా అవుతోందా అని దిగులు పడ్డావు. కాదు బిడ్డా. లోపం నీ చదువులో లేదు, ఆ పుస్తకంలో మాటలను పేర్చిన తీరులో ఉంది. ఒక మాట, దాని ఎదురుగా సమానమంటూ నాలుగు మాటలు. భాషలో ఏ రెండు మాటలూ అలా పూర్తిగా సమానం కావు. ఏళ్ల తరబడి పిల్లలకు ఇంగ్లిష్ చెప్పినవాడిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఒక చిన్న మాట తీసుకుందాం. రన్. ఒకటో తరగతి పిల్లలకూ తెలుసు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట సెట్. ఒక్క క్రియగానే దానికి 430 అర్థాలు చూపించారు. తర్వాత కొత్త కూర్పు కోసం సవరించేటప్పుడు రన్ దాన్ని దాటిపోయింది. క్రియగా దానికి లెక్క తేలిన అర్థాలు 645. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. అందరికీ తెలుసనుకునే మాటకే అంత పని పట్టింది. ‘రన్ అంటే పరుగు’ అని ఒక్క గీతలో రాసుకుని ముందుకు పోతే మనకు చేతికి వచ్చేది ఎంత?

మా రామంతాపూర్ చుట్టుపక్కలే చూడు. 2024 అక్టోబర్ 12న ఉప్పల్ స్టేడియంలో బంగ్లాదేశ్ మీద టీ20లో మన జట్టు 6 వికెట్లకు 297 పరుగులు చేసింది. అక్కడ రన్ అంటే పరుగే, అనుమానం లేదు. స్టేడియం దాటి బయటికి వస్తే మాత్రం సంగతి మారిపోతుంది. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో నడుస్తుంది. ఇంగ్లిష్‌లో అది రన్. అంబర్‌పేట నుంచి ఉప్పల్ దాకా రోడ్డు పోతుంది, అదీ రన్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మిషన్ తిరుగుతుంది, దాని యజమాని కంపెనీ నడుపుతాడు, రెండూ రన్. మూసీ పారుతుంది, జలుబు చేస్తే ముక్కు కారుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, కొత్త చీర రంగు దిగుతుంది, డబ్బాలో చక్కెర అయిపోతుంది, షుగర్ వ్యాధి వంశంలో వస్తుంది. వీటన్నిటికీ ఇంగ్లిష్‌వాళ్లకు రన్ ఒక్కటే ఆధారం. చివరికి ఎన్నికల్లో మనవాళ్లు నిలబడితే అమెరికావాళ్లు రన్ అవుతారు. బ్రిటన్‌వాళ్లు మాత్రం మనలాగే నిలబడతారు, వాళ్ల మాట స్టాండ్.

ఇంత దూరం విస్తరించినా దీని వెనక ఒక తీరు ఉంది. ఆగకుండా సాగిపోయే ప్రతిదాన్నీ ఇంగ్లిష్ పరుగుగా చూస్తుంది. తెలుగు ఆ సాగడం ఎలాంటిదో చూసి పేరు పెడుతుంది. నీటికి పారడం, చక్రానికి తిరగడం, వ్యాపారానికి నడవడం, ఆటకూ సినిమాకూ ఆడడం. ఈ తీరు పట్టుకుంటే 645 అర్థాలనూ విడివిడిగా మోయాల్సిన పని ఉండదు. కొత్త వాక్యంలో రన్ కనిపించినప్పుడు ‘ఇక్కడ సాగుతున్నది ఏది?’ అని అడుగు. చాలాసార్లు జవాబు దానంతటదే వస్తుంది.

ఒక మాటకు ఇన్ని అర్థాలా అని బెదరకు. ఈ విద్య నీకు ముందే వచ్చు. ‘కొట్టు’ను గుర్తు తెచ్చుకో. కొబ్బరికాయ కొడతాం, ఈల కొడతాం, హారన్ కొడతాం, పత్తిచేనుకు మందు కొడతాం. బ్యాటర్ సిక్స్ కొడతాడు, క్లాసు బోరు కొడుతుంది, ఎండ కొడుతుంది, ఎవడో జేబు కొట్టేస్తాడు. ‘పట్టు’ కూడా అంతే. నిద్ర పడుతుంది, తుప్పు పడుతుంది, గంట సమయం పడుతుంది, వాడికి పిచ్చి పడుతుంది. వీటి జాబితా నీకు ఎవరూ ఇవ్వలేదు, నువ్వు బట్టీ పట్టలేదు. కొబ్బరికాయతో పాటే కొట్టడం నేర్చుకున్నావు, నిద్రతో పాటే పట్టడం నేర్చుకున్నావు. ప్రతి మాటా దాని తోడుతో సహా నీ దగ్గరికి వచ్చింది కాబట్టే ఒక్కసారి కూడా తడబడవు. ఇంగ్లిష్ మాటలకూ ఇదే దారి.

పదో తరగతి తెలుగు పేపర్లో పర్యాయపదాలు, నానార్థాలు రాశావు కదా. ఆ చదువు మనకు చాలా పాతది. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో మాటలు అక్షర క్రమంలో ఉండవు. స్వర్గం, కాలం, భూమి, వనౌషధులు అని వర్గాలుగా ఉంటాయి. మూడో కాండంలో నానార్థాలకు ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. అచ్చంగా తెలుగు మాటల కోసం పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహాన్ని పద్యాల్లో కూర్చాడు. ఇంగ్లిష్‌లో పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో తన థెసారస్ అచ్చు వేయించాడు. భావాలను బట్టి మాటలను వర్గీకరించిన పుస్తకాల్లో తనకు తెలిసినవాటిలో అన్నిటికంటే పాతది అమరకోశమేనని, కోల్‌బ్రూక్ ఇంగ్లిష్ అనువాదం 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిందని ఆయనే రాసుకున్నాడు. ఇది నువ్వు గర్వంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి.

అయితే ఆ పుస్తకాలు ఎవరి కోసమో కూడా తెలుసుకో. రోజెట్ పుస్తకంలో మాటలకు అర్థాలు ఉండవు. మాటలు ముందే తెలిసి, తన భావానికి సరిగ్గా సరిపోయేదాన్ని వెతుక్కునే రచయిత కోసం అది పుట్టింది. అమరం వల్లించిన విద్యార్థి కూడా దానితో ఆగేవాడు కాదు. వెంటనే కావ్యాలు చదివి ఏ మాట ఎక్కడ కూర్చుంటుందో చూసేవాడు. సరిగ్గా ఆ 1852లోనే సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు మద్రాసులో వెలువడింది. అర్థం చెప్పి వదిలేయకుండా కావ్యాల నుంచీ, జనం మాట్లాడే భాష నుంచీ ప్రయోగాలు చూపించడం దాని గొప్పతనం. నేర్చుకునేవాళ్లకు కావలసింది ఈ రెండో రకం పుస్తకం.

ఇక నీ పుస్తకంలో రన్ ఎదురుగా ఉండే మాటలు చూద్దాం. పొద్దున్నే ఆరోగ్యం కోసం మెల్లగా పరుగెత్తడం జాగ్. కదిలిపోతున్న బస్సు కోసం గబగబా ఉరకడం డ్యాష్. కొద్ది దూరం ఒళ్లంతా బలం పెట్టి దూసుకుపోవడం స్ప్రింట్. ప్రాణభయంతో పారిపోవడం ఫ్లీ. నలుగురూ పరుగెత్తేవాళ్లే, కానీ ఎందుకు పరుగెత్తుతున్నారన్నది వేరు. ఒకరి చోట ఇంకొకరిని పెడితే కథే మారిపోతుంది.

ఇంకో వరసలో మేనేజ్, ఆపరేట్ ఉంటాయి. దుకాణం విషయంలో రన్ చేయడం, మేనేజ్ చేయడం దగ్గరదగ్గరగా ఉంటాయి. మిషన్‌కు రన్, ఆపరేట్ రెండూ సరిపోతాయి. కానీ ‘రిస్క్’ పక్కన పెట్టి చూడు. రిస్క్‌ను రన్ చేయడమంటే ప్రమాదానికి ఎదురు వెళ్లడం. మేనేజ్ చేయడమంటే ఆ ప్రమాదాన్ని అదుపులో పెట్టుకోవడం. పుస్తకంలో పక్కపక్కన ఉన్న రెండు మాటలు ఇక్కడ దాదాపు ఎదురెదురుగా నిలబడ్డాయి. పరీక్ష పెట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే కొన్ని ప్రశ్నల్లో వాక్యం ఇచ్చి, అందులో గీత గీసిన మాటకు పర్యాయపదం అడుగుతారు. వాక్యం చదవకుండా గుర్తున్న మాట మీద గుర్తు పెట్టేవాళ్లు అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

మాట వెనక వచ్చే చిన్న మాటల మీద కూడా కన్ను వెయ్యి. క్రికెట్‌లో రనవుట్ అంటే వికెట్ పోయింది. వంటింట్లో రన్ అవుట్ అంటే సరుకు నిండుకుంది. రన్ ఇంటూ అంటే అనుకోకుండా ఎదురుపడటం, రన్ ఓవర్ అంటే బండి కింద పడేసి తొక్కించడం, రన్ త్రూ అంటే ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడం. అసలు మాట ఒకటే, తోక మారింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తాను. కొత్త నోట్‌బుక్ ఒకటి పెట్టుకో. అందులో విడి మాట రాయకు, వాక్యం రాయి. పక్కనే మనం ఇంట్లో ఆ సంగతిని ఎలా అంటామో తెలుగులో రాసుకో, పుస్తకపు తెలుగులో కాదు. హార్న్‌బీ నిఘంటువు కొనుక్కో. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసమే ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు 1948 నుంచి వేస్తున్నారు. అర్థం తేలిక మాటల్లో ఉంటుంది, ప్రయోగం వెంటే ఉంటుంది. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక్క వార్త చదివి, తెలిసిన మాట కొత్త అర్థంలో కనిపిస్తే దాన్నే రాసుకో. కొత్త మాటల కంటే తెలిసిన మాటల కొత్త అర్థాలే నీకు ఎక్కువ పనికొస్తాయి. రోజుకు ఐదు వాక్యాలు చాలు, కానీ మరునాడు వాటిని పైకి చదివిన తర్వాతే కొత్తవి మొదలుపెట్టు.

ఒక మాట మనసులో పెట్టుకో బిడ్డా. ఇంగ్లిష్ రావాలంటే తెలుగును పక్కన పెట్టాలని ఎవరు చెప్పినా నమ్మకు. ఒక మాటకు పది అర్థాలు ఎలా పుడతాయో, ఏ అర్థం ఎక్కడ పొసగుతుందో నీకు నేర్పింది మీ అమ్మ మాట్లాడే తెలుగే. ఆ తెలివితోనే ఇంగ్లిష్ వాక్యాన్ని చదువు. నీకు ఇంగ్లిష్ వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఆ జాబితాల పుస్తకం మూసేసి, ఈ రోజే నోట్‌బుక్ తెరువు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన