పది కాసులు, ఒక గుంత

పోయిన వేసవి సెలవుల్లో నేనూ, మా క్లాస్‌మేట్ ఒకడూ జమ్మలమడుగు వైపు ఒక చేన్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగాం. వాడిది పులివెందుల, నాది ప్రొద్దుటూరు, చేను వాళ్ళ జేజినాయనది. ఇద్దరికీ పాత నాణేల పిచ్చి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా వెతికితే దొరికినవి ఇవి: ఆరు సోడా మూతలు, అరిగిపోయిన నాగటి కర్రు ముక్క ఒకటి, ఒక రాగి నాణెం. ఈ వ్యాసం ఆ నాణెం గురించి. దానికన్నా ఎక్కువగా, దాన్ని తీసిన గుంత గురించి.

డిటెక్టర్‌కు ఏం తెలుసు?

డిటెక్టర్ అడుగున పళ్ళెం లాంటి భాగంలో రెండు కాయిల్స్ ఉంటాయి. మొదటిది సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో ఎడ్డీ కరెంట్లు పుడతాయి. ఆ కరెంట్ల వల్ల వచ్చే చిన్న క్షేత్రాన్ని రెండో కాయిల్ పట్టుకుంటుంది. పంపిన సిగ్నల్‌కూ తిరిగొచ్చిన సిగ్నల్‌కూ మధ్య ఫేజ్ తేడాను బట్టి అది ఇనుమా, రాగి, వెండి లాంటిదా అని మెషిన్ అంచనా వేస్తుంది. నేలలో ఇనుప ఖనిజం ఉన్నా కూస్తుంది కాబట్టి ముందు గ్రౌండ్ బ్యాలన్స్ చేసుకోవాలి. చిన్న నాణెమైతే జానెడు లోతు దాటాక దొరకడం కష్టం.

అంటే డిటెక్టర్‌కు తెలిసింది "ఇక్కడ లోహం ఉంది" అన్నది మాత్రమే. ఎవరిది, ఎప్పటిది, తీయొచ్చా తీయకూడదా అన్నవి మనం తెలుసుకోవాలి. మేం ఇవేవీ తెలుసుకోకుండానే తవ్వేశాం.

నాణెం ఏం చెప్పింది?

మట్టి దులిపితే ఒక వైపు రెండు సింహాలు, మధ్యలో డాలు కనిపించాయి. కింద 1808. రెండో వైపు పారసీ అక్షరాలు, వాటి కింద ఇంగ్లీషులో రోమన్ అంకె పది, పక్కన క్యాష్ అన్న మాట. ప్రొద్దుటూరులో తెలిసిన కంసాలి తక్కెడలో వేస్తే నాలుగున్నర గ్రాముల లోపే తూగింది. అది ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, మాథ్యూ బౌల్టన్ టంకశాలలో కొట్టించిన పది కాసుల నాణెం. ఆ పారసీ అక్షరాలకు అర్థం "పది కాసులు రెండు ఫలూసులు". అప్పటి మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. ఒక వరహాకు 3,360 కాసులన్నమాట.

ఈ లెక్క చెప్తే జేజినాయన నవ్వి తన చిన్నప్పటి లెక్క చెప్పాడు. రూపాయి, అర్ధ రూపాయి, పావలా, బేడ, అణా, అర్ధణా, కాణి. వరసగా సగం, సగం, సగం. కాణి అంటే రూపాయిలో 64వ వంతు. ఇది బైనరీ! 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మనవాళ్ళు సంతలో రెండు ఘాతాలతో బేరమాడారని నాకు ఆ రోజే తెలిసింది. 'చిల్లు కాణి' కూడా సామెత కోసం పుట్టిన మాటే అనుకునేవాణ్ణి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి నిజంగానే మధ్యలో చిల్లున్న కాణీలు కొట్టారట. జేజినాయన వాటితో బొరుగులు కొనుక్కున్నాడు.

గుంత ఏం చెప్పాల్సింది?

ఆ రాత్రి మా నాణెం లాంటివి ఇంకెక్కడ దొరికాయా అని వెతికితే ఒక ఓడ కథ తగిలింది. 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే కంపెనీ ఓడ ఇవే పది కాసులు, ఇరవై కాసుల నాణేలతో మద్రాసుకు బయల్దేరి, 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకముందే ఇసుక తిన్నెల మీద మునిగిపోయింది. 1980ల్లో ఆ నాణేలను భారీగా పైకి తీశారు. ఇప్పుడు అమ్మకానికి కనిపించే 1808 కాసులు చాలావరకు ఆ ఓడవే.

ఇప్పుడు రెండు నాణేలు పక్కపక్కన పెట్టి చూడండి. అదే సంవత్సరం, అదే రాగి, అదే అచ్చు. సముద్రంలో దొరికింది ఎవరి చేతిలోనూ ఖర్చు కాలేదు. మా చేన్లోది మద్రాసు దాకా వచ్చి, అక్కణ్ణుంచి పెన్న ఒడ్డుకు చేరి, చేతులు మారి అరిగి, ఎవరి రొంటి నుంచో జారింది. సి.పి. బ్రౌన్ కడపకు వచ్చిన 1820 నాటికి అది చెలామణిలోనే ఉండి ఉండొచ్చు. ఈ తేడా అంతా నాణెం మీద లేదు. దొరికిన చోటులో ఉంది. మా భాషలో చెప్పాలంటే నాణెం డేటా, చోటు దాని కీ. కీ పోతే ఆ రికార్డు ఎవరిదో చెప్పలేం. గుంతకు అన్‌డూ కూడా లేదు. లోతు కొలవకుండా, ఫోటో తీయకుండా మేం తవ్విన ఆ ఐదు నిమిషాలు ఇక తిరిగి రావు.

చట్టం ఏం చెప్తుంది?

మేం చూసిన యూట్యూబ్ వీడియోలన్నీ ఇంగ్లండ్‌వి. అక్కడ పొలం యజమాని అనుమతితో వెతకొచ్చు, దొరికినవాటిని చోటుతో సహా నమోదు చేయించే పథకం 1997 నుంచి ఉంది. మనకు 1878 నాటి నిధుల చట్టం ఉంది. నేలలో దాగి ఉన్న, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువు దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, విలువెంత, ఎక్కడ, ఏ రోజు అన్నవి రాయాలి. వస్తువును ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తామని హామీ ఇవ్వాలి. తెలపకపోతే ఏడాది దాకా జైలు. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, అలాంటివాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. ఇక గండికోట లాంటి రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం. నిజం చెప్పాలంటే మావాడి మొదటి ప్లాన్ గండికోటే.

ఇది చదివి వినిపిస్తే మావాడికి కోపం వచ్చింది. "రేయ్, అరిగిపోయిన రాగి బిళ్ళకు కలెక్టర్‌కు అర్జీనా? అమ్మేసి ఇంకో మంచి కాయిల్ కొందాం" అన్నాడు. రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి జేజినాయన దగ్గరికి పోతే ఆయన భయం ఇంకొకటి. "ఊర్లో ఒకనికి తెలిసిందంటే తెల్లారేసరికి నా చేన్లో వంద గుంతలుంటాయి. నిధి నిధి అని ఎన్ని గుళ్ళు తవ్వి పారేసినారో తెల్దా నాయనా?" అన్నాడు. అది ఉత్త భయం కాదు. మన సీమలో గుప్తనిధుల వార్త లేకుండా పేపర్లో నెల గడవదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వారు. నిధి మాత్రం రాలేదు.

ఆయన చాలాసేపు ఆలోచించి, "రాయండి. కలెక్టర్‌కు మాత్రమే రాయండి. ఆ మిషన్ మళ్ళీ నా చేన్లోకి తేవద్దు" అన్నాడు. అర్జీ నేనే రాశాను, తెలుగులో నేను రాసిన మొదటి అర్జీ. 'సర్వే నంబరు' తర్వాత ఏం రాయాలో ఆయనే చెప్పాడు. మావాడు ఏమీ మాట్లాడకుండా కింద సంతకం పెట్టాడు. జవాబు ఇంకా రాలేదు. నాణెం ఆయన ట్రంకుపెట్టెలో ఉంది.

చోటే ముఖ్యమని ఇంత రాసి ఊరి పేరు చెప్పలేదేమని మీరు అడగొచ్చు. అది అర్జీలో ఉంది. వేపచెట్టు నుంచి ఎన్ని అడుగులో కూడా ఉంది. ఇక్కడ రాస్తే మాత్రం జేజినాయన చేన్లో రెండో గుంత నేను తవ్వినట్టే.