ఏబదేండ్ల పిమ్మట కైంకర్యము

మానవుని ఆయుర్దాయము నూరు సంవత్సరములని మన పెద్దలు లెక్కించిరి. ఆ నూరింటిని నాలుగు భాగములు చేసి బ్రహ్మచర్యము, గార్హస్థ్యము, వానప్రస్థము, సన్న్యాసము అను నాలుగు ఆశ్రమములను ఏర్పరచిరి. ఈ లెక్క ప్రకారము గృహస్థుడు ఏబదియవ ఏట మూడవ ఆశ్రమపు గడపపై నిలుచును. పూర్వము ఆ వయస్సున సంసారభారమును కుమారులకు అప్పగించి వనములకు పోవుట ధర్మముగా నుండెను. నేటి గృహస్థునకు పోవుటకు వనములు లేవు. అయినను ఆ గడప మాత్రము అందరికిని వచ్చును.

ఆ గడపవద్ద కలుగు బాధను పైకి చెప్పుకొనువారు తక్కువ. ఉద్యోగికి విరమణదినము సమీపించును. రైతు చేతిలోని వ్యవహారము కుమారుని చేతికి పోవును. ఇల్లాలి కొంగుననున్న తాళపుచెవుల గుత్తి కోడలి కొంగునకు చేరును. నిన్నటివరకు తాను లేనిదే జరుగని పని నేడు తాను లేకున్నను సాగిపోవుట చూచి మనస్సు చిన్నబోవును. “ఇక నావలన ఎవరికి ఏమి పని?” అను ప్రశ్న పుట్టును.

వైష్ణవ సంప్రదాయము ఈ ప్రశ్నను తప్పని త్రోసివేయదు, దానిని సరిచేయును. కింకరుడనగా “నేనేమి చేయుదును?” అని అడుగువాడు. అట్టివాని సేవయే కైంకర్యము. “నావలన ఏమి పని?” అనుటలో దృష్టి తనమీద నున్నది. “నేనేమి చేయుదును?” అనుటలో దృష్టి ఎదుటివాని అవసరముమీద నున్నది. ఈ రెండు మాటలకు నడుమనున్న దూరమే వానప్రస్థుడు నడువవలసిన దారి.

ద్రాక్షారామపు దీపములు

గోదావరీ మండలమున ద్రాక్షారామము పంచారామములలో ఒకటి. శ్రీభీమేశ్వరస్వామివారును మాణిక్యాంబాదేవియు ఇచట వెలసియున్నారు. ఈ శైవక్షేత్రమునకు క్షేత్రపాలకుడు శ్రీలక్ష్మీనారాయణుడు. కావున వైష్ణవ యాత్రికులకును ఇది దర్శనీయ స్థలమే. శ్రీనాథ మహాకవి తన భీమేశ్వర పురాణమున ఈ క్షేత్ర వైభవమును వర్ణించెను.

ఈ ఆలయపు గోడలపైనను స్తంభములపైనను వందలకొలది శాసనములు కలవు. వానిలో అనేకములు అఖండదీపములను గూర్చినవి. రాజులు, రాణులు, దండనాయకులు, వర్తకులు స్వామి సన్నిధిని రాత్రింబవళ్లు వెలుగునట్లు దీపములను పెట్టించిరి. ఒక దీపమునకు ఏబది జీవముల చొప్పున మందను సమర్పించుట వాడుక. ఆ మందను కాపరులకు అప్పగించెడివారు. కాపరి తన వంశమువారితోకూడ ఆ జీవములను పోషించుచు, ప్రతిదినమును మానెడు నేయి దీపమునకు తెచ్చి పోయవలెను.

శాసనమున దాత పేరు పెద్దది. కాని దీపము వెలుగుటకు దాత ఒకనాడు ఇచ్చినది చాలదు. కాపరి ప్రతిదినమును తెచ్చినది కావలెను. వానకాలమున గోదావరి పొంగినను, ఇంట శుభమో అశుభమో జరిగినను ఆ మానెడు నేయి ఆలయమునకు చేరవలసినదే. ఏబది దాటినవారు చేయదగిన సేవ ఈ కాపరి సేవవంటిది. అందరికిని మందను ఇచ్చు శక్తి యుండదు. ఒప్పుకొన్న కొలదిపాటి పనిని దినదినమును తప్పక చేయు శక్తి మాత్రము అనేకులకు ఉండును. ఆ వయస్సున లభించు తీరికయు, అలవడిన ఓపికయు దానికి తోడ్పడును.

“తాతా, దాహము!”

తిరుమల చరిత్రలో వృద్ధుని సేవకు నిత్యస్మరణీయమైన దృష్టాంతము తిరుమలనంబి. ఆయన శ్రీరామానుజులవారికి మేనమామ. వారికి శ్రీమద్రామాయణ రహస్యములను ఉపదేశించిన ఆచార్యుడు. ఆయన నిత్యసేవ తీర్థకైంకర్యము. పాపవినాశనమునుండి స్వామి అభిషేకమునకు నీటికుండను మోసికొని వచ్చుట ఆయన పని. ఆలయమునకు పాపవినాశనము సుమారు 5 కిలోమీటర్ల దూరమున నున్నది.

ఒకనాడు దారిలో ఒక వేటగాడు ఎదురై “తాతా, దాహము!” అని నీరడిగెననియు, అది స్వామి తీర్థమని నంబి ఇయ్యక ముందునకు సాగగా, అతడు వెనుకనుండి బాణముతో కుండకు చిల్లుపెట్టి నీరు త్రాగెననియు సంప్రదాయము చెప్పును. ఖాళీ కుండను చూచి నంబి దుఃఖింపగా, ఆ వేటగాడు కొండపైకి బాణమువేసి ఆకాశగంగను దింపి, ఇకమీదట ఇచటినుండియే నీరు తెమ్మని పలికి అదృశ్యుడయ్యెను. వేటగాడు శ్రీనివాసుడేయని నంబి గ్రహించెను. ఈ ఘట్టమును తిరుమలలో నేటికిని తన్నీరముదు ఉత్సవముగా జరుపుచున్నారు.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. స్వామి ఆ వృద్ధుని “నీవు పెద్దవాడవైతివి, ఇంటనుండుము” అని పంపివేయలేదు. కుండను మరియొకరికి ఇప్పింపలేదు. దూరమును మాత్రము తగ్గించెను. వయస్సు వచ్చినప్పుడు తగ్గవలసినది దూరము, సేవ కాదు. నిన్న పది మెట్లెక్కినవారు నేడు నాలుగు మెట్ల యొద్ద కూర్చుండి చేయదగిన పనిని వెదకికొనవచ్చును.

సీతమ్మగారి పొయ్యి

గోదావరి ప్రజలకు ఈ విషయమున దూరదేశపు దృష్టాంతములు అవసరము లేదు. ద్రాక్షారామమునకు సమీపమునగల మండపేటలో 1841వ సంవత్సరమున డొక్కా సీతమ్మగారు జన్మించిరి. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారిని వివాహమాడి ఆ యింట అడుగిడిరి. గోదావరి పాయలను పడవలపై దాటిపోవు బాటసారులకు ఆ యిల్లే అన్నసత్రమయ్యెను. వేళయనక, కులమనక, ఆకలితో వచ్చినవారికి ఆమె అన్నము పెట్టిరి. ఏబది దాటినను, అరువది దాటినను ఆ పొయ్యి ఆరలేదు. 1909లో ఆమె పరమపదించిరి.

ఆమె ఒకమారు అంతర్వేది శ్రీలక్ష్మీనరసింహస్వామివారి దర్శనమునకు బయలుదేరిరట. దారిలో విశ్రమించియుండగా ఒక పెండ్లివారి బృందము ఆకలితో పోవుచు, ఇంకొంచెము ఓర్చుకొన్నచో గన్నవరమున సీతమ్మగారి యింట భోజనము దొరకునని పిల్లలను ఓదార్చుట ఆమె చెవిని పడినది. ఆమె యాత్రను ఆపి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంటచేసి వడ్డించిరని గోదావరి ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. నరసింహుని దర్శనము తప్పినదని ఎవరును అనరు. భాగవతుల సేవ భగవంతుని సేవకు తక్కువకాదని చెప్పు పూర్వాచార్యుల వాక్యమునకు ఆమె తన పొయ్యివద్ద వ్యాఖ్యానము వ్రాసిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది.

నేటి అవకాశములు

తిరుమల తిరుపతి దేవస్థానము 2000వ సంవత్సరమున శ్రీవారి సేవను ప్రారంభించినది. స్వచ్ఛంద సేవకులు కొండపై కొన్ని దినములుండి యాత్రికులకు సేవ చేయుదురు. వరుసలలో నిలిచినవారికి అన్నప్రసాదమును, త్రాగునీటిని అందించుట, అన్నప్రసాద భవనమున కూరగాయలు తరుగుట, వడ్డించుట, దారి తెలియనివారికి దారి చూపుట మొదలగునవి వారి పనులు. నిత్యాన్నదానము 1985లో ఆరంభమైన పిమ్మట దినమునకు వేలకొలది యాత్రికులు భుజించు పంక్తులలో ఈ చేతులసాయము ఎంతయో విలువైనది. హుండీ కానుకలను లెక్కించు పరకామణి సేవయు, స్వామికి వెన్న సిద్ధపరచు నవనీత సేవయు వేరుగా కలవు. వయోనియమములు సేవను బట్టి వేరుగా నుండును గనుక, ముఖ్యముగా అరువది సమీపించినవారు ముందుగా విచారించి, పేరు నమోదు చేసికొని బయలుదేరవలెను.

కొండకు పోలేనివారికి తమ ఊరి ఆలయమే తిరుమల. ద్రాక్షారామమునే చూడుడు. కార్తికమాసమున పంచారామములను ఒక్క దినమున దర్శింపగోరి బస్సులలో వచ్చు యాత్రికులు అనేకులు. సప్తగోదావరీ కుండపు మెట్లు తడిసియుండును. గర్భాలయము రెండంతస్తులు, పైకి పోవుటకు మెట్లెక్కవలెను. మెట్లయొద్ద చేయి అందించువాడు, ఎక్కలేని అవ్వను నీడను కూర్చుండబెట్టి ఆమెవారు వచ్చువరకు తోడుండువాడు, క్షేత్రపాలకుడైన లక్ష్మీనారాయణుని సన్నిధి ఎచటనో చూపువాడు ఊరిలోని పెద్దవారైనచో యాత్రికునకు ఎంత ధైర్యము! తులసిమాల కట్టుట, పూజాపాత్రలు తోముట, శాసనముల సంగతి బాలురకు చెప్పుట, ధనుర్మాసమున తిరుప్పావై నేర్పుట అన్నియు కైంకర్యములే.

ఆలయమునకు వెలుపలను పని కలదు. చదువు రానివారికి అక్షరములు నేర్పు ‘ఉల్లాస్’ కార్యక్రమము 2022 నుండి దేశమంతట స్వచ్ఛంద సేవకుల తోడ్పాటుతో నడుచుచున్నది. విశ్రాంత ఉపాధ్యాయునకు ఇంతకంటె తగిన పని లేదు. ఒంటరిగా నున్న వృద్ధునకు పత్రిక చదివి వినిపించుట, ఆసుపత్రికి తోడుపోవుట ధనముతో పనిలేని సేవలు.

పెద్దవారి మాట

గోదావరికి పుష్కరములు బృహస్పతి సింహరాశిని ప్రవేశించినపుడు వచ్చును. 2003లోను 2015లోను వచ్చినవి. ఆ వరుసలో తరువాతివి 2027వ సంవత్సరమునవి. 2015 జూలై 14న, పుష్కరముల తొలినాడు, రాజమహేంద్రవరమున ఒక స్నానఘట్టమువద్ద జరిగిన త్రొక్కిసలాటలో పాతికమందికి పైగా యాత్రికులు ప్రాణములు కోల్పోయిరి. తొలిదినముననే, ఒకే రేవున మునుగవలెనను తొందరతో వేలకొలది జనులు ఒక్కచోట చేరియుండిరి.

ఇట్టిచోట ఏబది దాటినవారు జనప్రవాహమునకు ఎదురు నిలుచుట తగదు. అది శిక్షణ పొందిన యువకుల పని. పెద్దవారి పని అంతకు ముందే, ఇంటివద్దను, బస్సులు దిగుచోటను ఉన్నది. పుష్కరము పండ్రెండు దినములు గలదనియు, ఏ రేవున మునిగినను గోదావరియేయనియు, ఫలము ఘడియలోగాక భక్తిలో నున్నదనియు చెప్పవలెను. యువకుడు చెప్పినచో యాత్రికుడు వినకపోవచ్చును. తలనెరసిన ముత్తైదువ “అమ్మా, తొందరలేదు, రేపు మునుగవచ్చును” అన్నచో వినును. ఆ మాట ఒక ప్రాణమును కాపాడవచ్చును. వయస్సునకు లోకమిచ్చిన ఈ గౌరవమును సేవకు వినియోగించుటకంటె దానికి వేరు సార్థక్యమేమి?

పాటింపవలసిన నియమములు

సేవకు వచ్చువారికి శరీరముకంటె అహంకారము ఎక్కువ అడ్డము. ముప్పది సంవత్సరములు ఆజ్ఞలిచ్చిన వ్యక్తి సేవకుని కండువా ధరించి, వరుసలోని యాత్రికులను తన క్రింది ఉద్యోగులవలె గద్దించుట కొన్నిచోట్ల కనబడును. అది పాత అధికారమును కొత్త వస్త్రమున చుట్టుటయే. సేవాస్థలమున తనకంటె చిన్నవాడు పని చెప్పినను “అట్లే, నాయనా” అనగలిగిననాడు వానప్రస్థము ఆరంభమైనదని తెలియవలెను.

రెండవది, శక్తిని దాచుకొనకుండుట, మించకుండుట. మందులు వాడువారు వానిని వెంట ఉంచుకొనవలెను; ఎండలో నిలువలేనివారు కూర్చుండి చేయు పనిని అడిగి పుచ్చుకొనవలెను. అట్లడుగుట సిగ్గుపడవలసినది కాదు.

మూడవది, ఒప్పుకొన్న దినమున తప్పకుండ వచ్చుట. వారమున ఒక్క గంట చాలును. కాని ఆ గంటను నమ్మి ఇతరులు పనులు ఏర్పరచుకొందురు. నాలుగవది, ఇంటిని విడిచి చేయు సేవ సేవ కాదు. మంచముపట్టిన భార్యనో భర్తనో చూచుకొనుచున్నవారికి ఆ గదియే సన్నిధి.

ద్రాక్షారామమున ఆ కాపరులలో పెక్కుమంది పేర్లు నేడు యాత్రికులకు తెలియవు. వారు పోసిన నేతితో వెలిగిన దీపపు కాంతిలో ఎందరో స్వామి ముఖమును చూచిరి. “ఇక నావలన ఎవరికి ఏమి పని?” అని దిగులుపడు గృహస్థుడును, గృహిణియు తమ వంతు మానెడు నేతిని దినదినమును తెచ్చి పోయుదురు గాక! దూరమును తగ్గించువాడు శ్రీనివాసుడున్నాడు.