ఐదో ఇల్లు సరే, ఏ వాడలో?

మాది దేవరకొండ ప్రాంతం. మా వైపు బోరును నమ్ముకోవడానికి లేదు. నీళ్ళందకుండా మోటరు ఒట్టిగా తిరిగితే కాలిపోతుంది. "బిడ్డా, ఇంత చదువు చదివితివి, నీళ్ళు రాకుంటే మోటరు దానంతటదే బందయ్యేటట్టు ఏమన్న చెయ్యరాదా?" అని మా నాయిన అడిగిన మాటే నా ఆఖరు సంవత్సరం ప్రాజెక్టు అయింది. అందులో నేర్చుకున్న ఒక పాఠాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వాడింది 8051 జాతి మైక్రోకంట్రోలర్. ఇంటెల్ కంపెనీ దీన్ని 1980లో తెచ్చింది. ఇందులో పనికి కావలసిన అంకెలు దాచుకునే ర్యామ్ 128 బైట్లు మాత్రమే. 0 నుంచి 127 వరకు నంబర్లు వేసిన ఇళ్ళనుకుందాం.

వీటిలో మొదటి 32 ఇళ్ళు నాలుగు వాడలు. వాడకు ఎనిమిది ఇళ్ళు. వాడను బ్యాంకు అనీ, ఇంటిని రిజిస్టరు అనీ అంటారు. చిక్కేమిటంటే, ప్రతి వాడలోనూ ఇళ్ళ పేర్లు అవే: ఆర్0 నుంచి ఆర్7 వరకు. మరి "ఆర్5" అంటే ఏ ఆర్5? మనం ఇప్పుడు ఏ వాడలో నిలబడ్డామో అక్కడిది. ఆ సంగతి చెప్పేవి పి.ఎస్.డబ్ల్యు. అనే రిజిస్టరులోని రెండు బిట్లు. సున్నా వాడలో ఆర్5 అసలు నంబరు 5, ఒకటో వాడలో 13, రెండో వాడలో 21, మూడో వాడలో 29.

ఇంత తిరకాసు దేనికి? పొదుపు కోసం. ఆర్5లో ఉన్నదాన్ని అక్యుములేటర్‌లోకి తెమ్మనే ఆజ్ఞ 11101101, అంటే ఒకే ఒక్క బైటు. ముందున్న ఐదు బిట్లు పనిని చెబుతాయి. చివరి 101 ఇంటి నంబరు. పూర్తి చిరునామా ఇస్తే రెండు బైట్లు కావాలి.

ఇకపోతే నా పొరపాటు. నీళ్ళు ఆగాక టైమరు కొట్టే గంటల్ని ఇంటరప్ట్ రొటీన్ లెక్కపెట్టాలి. ప్రధాన ప్రోగ్రాము సున్నా వాడలో ఉంది కదా అని, ఈ లెక్కను ఒకటో వాడ ఆర్0లో పెట్టాను. ల్యాబులో మోటరు బదులు బల్బు తగిలించి చూశాను. అది ఆరితే ఒట్టు! రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాను.

కారణం ఇదీ. ఇంటరప్ట్ వచ్చినప్పుడు చిప్పు తాను తిరిగి రావలసిన చోటును స్టాక్‌లో రాసుకుంటుంది. కరెంటు రాగానే స్టాక్ పాయింటర్‌లో ఉండేది 7. కాబట్టి మొదటి రాత పడేది 8లో. ఆ 8 ఎవరి ఇల్లు? ఒకటో వాడ ఆర్0దే! గంట కొట్టినప్పుడల్లా చిప్పు నా లెక్కను చెరిపింది. నేను లెక్క పెంచినప్పుడల్లా దాని తిరుగుదారి చెడింది. ఒకే ఇంట్లో ఇద్దర్ని దింపి, తాళంచెవి ఇద్దరికీ ఇచ్చినట్టయింది.

ప్రోగ్రాము మొదట్లో స్టాక్ పాయింటర్‌లో 47 వేశాను. స్టాక్ 48 నుంచి మొదలై, వాడలన్నీ దాటిపోయింది. లెక్క నిండగానే బల్బు ఆరింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆర్5 అని రాసేముందు ఏ వాడలో ఉన్నారో చూసుకోండి. వాడ మార్చేముందు స్టాక్ ఎక్కడుందో చూసుకోండి. ల్యాబులో పోయేది రెండు రాత్రుల నిద్రే. బావి కాడ పోయేది మోటరు, దానివెంట పంట.