కుట్టు విప్పడమూ పనే

పుట్టినరోజుకో గృహప్రవేశానికో చేత్తో కుట్టిన కానుక ఇవ్వాలనుకునేవారి చూపు ముందుగా జిప్పు పౌచ్ మీద పడుతుంది. జానెడు గుడ్డ, అంతే లైనింగు, ఒక జిప్పు ఉంటే చాలు. జాకెట్టు ముక్కల్లో మిగిలిన కలంకారీ, చిరుగుపట్టిన పోచంపల్లి చీర కొంగు కూడా పనికొస్తాయి. ఎవరి కొలతలూ అడగక్కర్లేదు. చూడ్డానికి నాలుగు తిన్నని కుట్లే. మిషను ముందు కూర్చున్నాకే ఒక్కో కుట్టుకూ ఒక్కో పేచీ ఉందని తెలుస్తుంది.

మొదటి పేచీ రన్నర్‌తో, అంటే జిప్పును తెరిచి మూసే బిళ్లతో. మిషనుకుండే మామూలు ఫుట్ జిప్పు పళ్ల మీదికెక్కి కుట్టును వంకర చేస్తుంది కాబట్టి సన్నటి జిప్పు ఫుట్ బిగిస్తారు. అయినా రన్నర్ ఉన్నచోట అదీ ఆగిపోతుంది. అప్పుడు సూదిని గుడ్డలోనే దించి ఉంచాలి, ఫుట్ ఎత్తాలి, రన్నర్‌ను కుట్టేసిన వైపుకు జరపాలి, మళ్లీ ఫుట్ దించాలి. అర నిమిషం పని. ఆ అర నిమిషం ఓపిక లేకపోతే కుట్టు సరిగ్గా అక్కడే పక్కకు తప్పుకుంటుంది. ఆ వంపు పౌచ్ ఉన్నన్నాళ్లూ కనిపిస్తూనే ఉంటుంది.

గుడ్డ పెట్టే పేచీ మరోలా ఉంటుంది. కొత్త నూలు గుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది, పాలియెస్టర్ జిప్పు పట్టీ మాత్రం అలాగే ఉంటుంది. తడిపి ఆరేయకుండా కత్తిరించిన పౌచ్ ఇచ్చిన రోజు ముద్దుగానే ఉంటుంది. అవతలివారు మొదటిసారి ఉతికాక జిప్పు పొడవునా ముడతలు పడతాయి. చాలాసార్లు కుట్టినవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. మొహమాటంకొద్దీ ఎవరూ చెప్పరు మరి!

అసలు పరీక్ష చివర్లో వస్తుంది. పౌచ్‌ను మొత్తం తిరగేసి కుడతారు. చుట్టూ కుట్టే ముందు జిప్పును సగం తెరిచి ఉంచాలి, లైనింగు అడుగున నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోంచి గుడ్డను బయటికి లాగి, జిప్పు సందులోంచి బయటి వైపును పైకి తేవాలి. జిప్పు మూసి కుట్టేస్తే ఆ రెండో దారి ఉండదు. లోపలి నుంచి తడుముతూ రన్నర్‌ను లాగే తిప్పలు ఒకసారి పడ్డవారు ఇక మరచిపోరు. పని మధ్యలో ఉండగానే చివరి అవసరాన్ని ఊహించడం పుస్తకాలు చదివితే వచ్చే గుణం కాదు. ఇలాంటి పనులు నేర్పితేనే వస్తుంది.

తప్పు బయటపడ్డాక ఎక్కువమంది రెండు రకాలుగా తేలతారు. కొందరు ‘ఎవరు చూడొచ్చార్లే’ అని సరిపెట్టుకుంటారు. ఇంకొందరు ‘నా చేతికి ఈ విద్య రాదు’ అని మొత్తం మూలన పడేస్తారు. కుట్టు విప్పే చిన్న పనిముట్టుతో తప్పిన రెండంగుళాలే విప్పి మళ్లీ కుట్టేవారు తక్కువ. ఎదిగేది వాళ్లే.

జిప్పు పుట్టుక కూడా ఇలాంటిదే. 1893లో అమెరికాలో విట్‌కోంబ్ జడ్సన్ కొక్కేల పద్ధతికి పేటెంట్ పొంది, అదే ఏడు షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు. కొన్నవారు అంతంతమాత్రం. తర్వాత మెరుగుపరిచిన రకం కూడా ఉన్నట్టుండి విడిపోయేది. స్వీడన్ నుంచి వలస వచ్చిన ఇంజనీరు గిడియన్ సుండ్‌బ్యాక్ ఆ కొక్కేలనే తీసేసి కొత్త రకం చేశాడు. అందులో గుడ్డ అంచు త్వరగా అరిగిపోయింది. దానినీ పక్కన పెట్టి, 1913లో రెండు పట్టీలకూ ఒకేలాంటి పళ్లు బిగించాడు. 1917లో పేటెంట్ వచ్చింది. ఇవాళ మన సంచులకున్నది ఆ వంశమే. తన తొలి ప్రయత్నాన్ని వెనకేసుకొచ్చి ఉంటే అతని పేరు ఎవరికీ తెలిసేది కాదు.

చేత్తో చేసిన దాని మీద మమకారం కళ్లు కప్పేస్తుంది కూడా. 2012లో మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ ప్రచురించిన పరిశోధనలో, కాగితం మడిచి బొమ్మలు చేసిన అనుభవం లేనివారు తమ బొమ్మలకు దాదాపు నిపుణుల బొమ్మలంత విలువ కట్టారు. చూసినవారు మాత్రం వాటికి చాలా తక్కువ ఇస్తామన్నారు. పౌచ్ ఇచ్చేవారికి ఇది పనికొచ్చే హెచ్చరిక. పడ్డ కష్టం కుట్టినవారికే తెలుసు. తీసుకున్నవారికి కావలసింది ఇరుక్కోని జిప్పు, మందుబిళ్లలో కళ్లజోడో పట్టేంత చోటు.

కాబట్టి, పండక్కి పదిమందికి ఇద్దామనుకుంటే మొదటి పౌచ్ మీరే వాడండి. బస్సుపాస్ పెట్టండి, చిల్లర వేయండి, రెండుసార్లు ఉతకండి. నెల తర్వాత కూడా రన్నర్ సాఫీగా నడుస్తుంటే ఇవ్వాల్సిన పదింటికీ గుడ్డ కత్తిరించండి.